అమ్మ ఇంటి పన్ను లెక్క చూపించమంటే దస్త్రం లేదంటున్నారు

వేపచెట్టు | 2025 ఆగస్టు 18

అందరికీ నమస్కారం. మాది ఆంధ్రప్రదేశ్‌లో ఒక పురపాలక సంఘం. ఊరి పేరు రాయడం లేదు. ఏ పని పడినా అమ్మ మళ్లీ అదే ఆఫీసు మెట్లు ఎక్కాలి కదా.

నాన్న 1994లో కట్టించిన డాబా ఇల్లు మాది. పక్కనే బాబాయి ఇల్లు. ఒకే మేస్త్రి, ఒకే ప్లాను, మధ్యలో ఉమ్మడి గోడ. మా వంటిల్లు తూర్పు మూలన ఉంటే వాళ్లది పడమటి మూలన ఉంటుంది, అంతకు మించి తేడా లేదు. మొన్న సంక్రాంతికి పిన్నీ అమ్మా మాట్లాడుకుంటూ పన్ను రశీదులు పక్కపక్కన పెట్టి చూశారు. 2022-23 దాకా రెండిళ్లకూ పన్ను ఒకేలా పెరిగి అర్ధ సంవత్సరానికి 688 రూపాయలైంది. 2023-24లో బాబాయిది 740 అయి అక్కడే ఆగింది. మాది ఆ ఏడు 791 అయింది, మరుసటి ఏడు 890 అయింది.

ఎందుకని అడగడానికి వార్డు సచివాలయానికి వెళ్లాను. ‘కంప్యూటర్‌లో అంతే వస్తోంది, పైన అడగండి’ అన్నారు. పురపాలక కార్యాలయంలో రెవెన్యూ విభాగానికి నాలుగుసార్లు వెళ్లాను. మొదటిసారి సంబంధిత ఉద్యోగి సెలవు. రెండోసారి ‘బాకీ ఎంతో ఆన్‌లైన్‌లో కనిపిస్తుంది కదా, ఇంకేమి కావాలి’ అన్నారు. మూడోసారి ‘అసెస్‌మెంట్ మీ నాన్నగారి పేరు మీద ఉంది, ఆయన వచ్చి అడగాలి’ అన్నారు. నాన్న పోయి ఆరేళ్లయింది. ఆ మాట విన్నాక అమ్మ మళ్లీ ఆ గదిలోకి రానంది. నాలుగోసారి నేనొక్కదాన్నే వెళితే ‘పాత దస్త్రాలు దొరకడం లేదు’ అన్నారు.

ఎంత కట్టాలో చెప్పే కాగితం ప్రతి ఆరు నెలలకూ ఇంటికి వస్తోంది. ఎందుకు అంత కట్టాలో చెప్పే కాగితం మాత్రం ఎవరూ చూపించడం లేదు. ఏ దారిలో వెళ్లాలో తెలిసినవారు చెప్పండి.

గోదారిగట్టు | 2025 ఆగస్టు 18

అమ్మగారికి జరిగిన అవమానం చదివి బాధ కలిగింది. అయినా ఒక మాట అడుగుతాను, మరోలా అనుకోకండి. తేడా అర్ధ సంవత్సరానికి 150 రూపాయలు. ఏడాదికి 300. దీనికోసం మీరు పనులు మానుకుని తిరగడం, పెద్దావిడను తిప్పడం అవసరమా? కట్టేసి ప్రశాంతంగా ఉండవచ్చు కదా.

పాతచిట్టా | 2025 ఆగస్టు 19

నేను పురపాలక రెవెన్యూ విభాగంలోనే పనిచేసి పదవీ విరమణ చేశాను. గోదారిగట్టు గారికి ముందు జవాబు చెప్పి తరువాత వేపచెట్టు గారి విషయానికి వస్తాను.

300 రూపాయలు చిన్న మొత్తమే. కానీ ఆ 300 వెనుక ఏదో ఒక తప్పు అంకె ఉంటుంది. అది ఇంటి విస్తీర్ణమే అయితే, దస్త్రంలో ఇల్లు ఉన్నదానికంటే పెద్దదిగా నమోదై ఉన్నట్టు. రేపు పేరు మార్పిడికో, అమ్మకానికో, బ్యాంకు రుణానికో వెళ్లినప్పుడు మంజూరైన ప్లానులో ఒక అంకె, పన్ను దస్త్రంలో ఇంకొక అంకె కనిపిస్తాయి. అనుమతి లేకుండా కట్టిన భాగానికి పన్నుతో పాటు జరిమానా వేసే నిబంధన ఉంది. కట్టని గదికి జరిమానా ఎందుకు కట్టాలని అప్పుడు వాదించడం కంటే ఇప్పుడు అంకె సరిచేయించుకోవడం తేలిక.

ఇక వేపచెట్టు గారికి. అమ్మా, మీరు రాసిన నాలుగు అంకెల్లోనే సగం జవాబు ఉంది. మన రాష్ట్రంలో 2021 మార్చి వరకు ఇంటికి ఏడాదికి ఎంత అద్దె రావచ్చో అంచనా వేసి దాని మీద పన్ను వేసేవాళ్లం. 2020 నవంబరు 24న వచ్చిన 198వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వుతో ఆ పద్ధతి పోయి, 2021 ఏప్రిల్ 1 నుంచి మూలధన విలువ పద్ధతి వచ్చింది. స్థలం విలువ, కట్టడం విలువ కలిపి నివాస గృహమైతే అందులో 0.10 నుంచి 0.50 శాతం మధ్య పన్ను వేస్తారు. లెక్కలో ఎంత వచ్చినా ఒక్కసారిగా వేయరు. ముందటి ఏడు పన్ను మీద పెంపు 15 శాతం దాటకూడదు. కొత్త లెక్క అంకెను అందుకునే వరకు ఏటా మెట్టు మెట్టుగా పెరుగుతుంది, అందుకున్నాక ఆగుతుంది.

ఇప్పుడు మీ రశీదులు చూడండి. మొదటి రెండేళ్లు రెండిళ్లూ ఒకే మెట్టు మీద ఎక్కాయి కాబట్టి తేడా బయటపడలేదు. మీ బాబాయిగారి ఇంటి అసలు లెక్క 740, అక్కడ ఆగింది. మీ ఇంటి లెక్క 890, అక్కడికి చేరాక ఆగింది. ఒకే వీధి, ఉమ్మడి గోడ కాబట్టి స్థలం విలువ వేరుగా ఉండే అవకాశం తక్కువ. మిగిలేది కట్టడం విస్తీర్ణం, లేదా కట్టడం రకం. ఈ రెండింటిలో ఏదో ఒకటి మీ దస్త్రంలో తప్పుగా పడింది. కొలతల పత్రం చూస్తే అయిదు నిమిషాల్లో తేలుతుంది.

వేపచెట్టు | 2025 ఆగస్టు 19

అయ్యా, ఇంత విడమరచి ఇప్పటివరకు ఎవరూ చెప్పలేదు. మీరు రాసినదంతా అమ్మకు చదివి వినిపించాను. కానీ ఆ కొలతల పత్రమే చూపించడం లేదు కదా?

గోదారిగట్టు గారూ, మీరు మంచి మనసుతోనే అడిగారని తెలుసు. నాన్న రోజూ సైకిలు మీద పనికి వెళ్లివచ్చి, సాయంత్రం ఇటుకలు తడిపి కట్టించుకున్న ఇల్లు అది. దాని గురించి ఆఫీసులో ఒక కాగితం ఉండి, అందులో ఏముందో ఆయన భార్య చూడకూడదని అంటే నాకు నిద్ర పట్టడం లేదు.

నిప్పురవ్వ | 2025 ఆగస్టు 20

ఇన్ని చట్టాలు, ఇన్ని లెక్కలు అవసరం లేదు. ఆ బిల్ కలెక్టర్ ఫొటో, పేరు పెట్టి వీడియో తీసి వాట్సాప్ గ్రూపులన్నిటిలో వేయండి. వారంలో దస్త్రం మీ ఇంటికే వస్తుంది. మా వీధిలో నీళ్ల సమస్య అలాగే తీరింది.

పాతచిట్టా | 2025 ఆగస్టు 20

నిప్పురవ్వ గారూ, నీళ్లు రాకపోవడం అందరికీ కనిపించే విషయం. ఇక్కడ తప్పు ఎవరిదో ఇంకా తెలియదు. కొలిచినవారిదా, కంప్యూటర్‌లో ఎక్కించినవారిదా, లెక్క వేసినవారిదా? ఇప్పుడు ఆ కుర్చీలో ఉన్న మనిషి అప్పటికి ఉద్యోగంలోనే లేకపోవచ్చు. పత్రం చూడకుండా ఒకరి ముఖం ఊరంతా తిప్పడం సరికాదు. పైగా అలా చేస్తే ఆఫీసంతా ఒక్కటై ఆ దస్త్రాన్ని ఇంకా లోపలికి తోసేస్తుంది. నేను ఆ గదుల్లోనే బతికినవాణ్ణి, ఊరికే చెప్పడం లేదు.

నల్లకోటు | 2025 ఆగస్టు 21

న్యాయవాదిని. సమాచార హక్కు చట్టం, 2005 కింద రాతపూర్వకంగా అడగండి. నోటిమాటగా నాలుగుసార్లు కాదు, నలభైసార్లు వెళ్లినా దానికి లెక్క ఉండదు.

ముందుగా మీకు చెప్పిన రెండు సాకుల సంగతి. దస్త్రం నాన్నగారి పేరు మీద ఉందన్నది అడ్డంకి కాదు. ఈ చట్టం కింద ఏ పౌరుడైనా అడగవచ్చు. ఎందుకు అడుగుతున్నారో చెప్పనక్కర్లేదని సెక్షన్ 6(2) స్పష్టంగా చెబుతోంది. అయినా వాదనకు తావు లేకుండా దరఖాస్తు అమ్మగారి పేరుతోనే పెట్టించి, నాన్నగారి మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం నకళ్లు జతచేయండి. పేరు మార్పిడికి విడిగా దరఖాస్తు చేయండి, ఆ రెండింటినీ కలపకండి. ఇక దస్త్రం దొరకడం లేదన్న మాట. సమాచారం నిరాకరించడానికి సెక్షన్ 8లో ఉన్న కారణాల్లో ‘దొరకలేదు’ అన్నది లేదు. 2013లో విశ్వాస్ భాంబుర్కర్ కేసులో ఢిల్లీ హైకోర్టు ఇదే విషయం తేల్చింది. ఉండవలసిన దస్త్రం కనిపించకపోతే గట్టిగా వెతికించాలి, విచారణ జరిపి బాధ్యులెవరో తేల్చాలి.

దరఖాస్తు ఎలా రాయాలన్నది ముఖ్యం. ‘మా పన్ను ఎందుకు ఎక్కువ?’ అని రాయకండి. అది ప్రశ్న. ప్రశ్నలకు వివరణ తయారుచేసి ఇవ్వవలసిన బాధ్యత ఈ చట్టం కింద అధికారికి లేదు. తన దగ్గర ఉన్న రికార్డు ఇవ్వడం వరకే ఆయన బాధ్యత. అందుచేత కాగితాలను పేరు పెట్టి అడగండి. ఈ అసెస్‌మెంట్ నంబరుకు సంబంధించిన కొలతల పత్రం, మూలధన విలువ లెక్కగట్టిన పత్రం, కొత్త పన్ను లెక్క తెలుపుతూ 2021లో జారీచేసిన ప్రత్యేక నోటీసు, అది అందినట్టు సంతకం ఉన్న ప్రతి, ఏ ఇల్లు ఎంత పన్ను కట్టాలో రాసే డిమాండ్ రిజిస్టరులో 2020-21 నుంచి ఇప్పటివరకు ఉన్న పద్దులు, వీటి ధ్రువీకృత నకళ్లు కావాలి. చివర ఒక వాక్యం తప్పక చేర్చండి: ‘సెక్షన్ 2(జె) ప్రకారం పై దస్త్రాన్ని స్వయంగా పరిశీలించడానికి తేదీ, సమయం తెలియజేయగలరు.’ నకళ్లలో రాని విషయాలు అసలు కాగితంలో కనిపిస్తాయి.

రుసుము 10 రూపాయలు, పోస్టల్ ఆర్డరు జతచేయండి. నమోదు చేయించి పోస్టులో పంపి, అందినట్టు తిరిగి వచ్చే కార్డు భద్రపరచండి. వాళ్లకు అందిన రోజు నుంచి 30 రోజులు లెక్కపెట్టండి.

చెరువుకొమ్ము | 2025 ఆగస్టు 21

మాది పంచాయతీ. ఇక్కడ ఇంటి పన్ను కాగితాలకు కూడా ఇదే పద్ధతా?

నల్లకోటు | 2025 ఆగస్టు 21

ఇదే పద్ధతి. గ్రామ స్థాయి కార్యాలయంలో దరఖాస్తు రుసుము కూడా లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు.

మూసీ వాసి | 2025 ఆగస్టు 22

మా తెలంగాణ పట్టణాల్లో పరిస్థితి కొంత వేరు. 2019 పురపాలక చట్టం వచ్చాక యజమాని తానే విస్తీర్ణం ప్రకటించి పన్ను లెక్క వేసుకునే పద్ధతి పెట్టారు. అయినా పాత ఇళ్లకు పాత కొలతలే కొనసాగుతున్నాయి, వాటి కాగితం చూడాలంటే మాకూ ఇదే తంటా. ఈ చర్చ దాచుకుంటున్నాను.

వేపచెట్టు | 2025 సెప్టెంబరు 1

ఈ రోజు పోస్టు చేశాను. నల్లకోటు గారు చెప్పినవన్నీ రాసి, చివర మా వీధిలోని ఇళ్లన్నిటి విస్తీర్ణం, పన్ను వివరాలు కూడా అడిగాను. దరఖాస్తు మీద అమ్మ సంతకం పెట్టింది. సంతకం పెట్టేముందు మొత్తం రెండుసార్లు చదివించుకుంది.

వేపచెట్టు | 2025 అక్టోబరు 6

దరఖాస్తు సెప్టెంబరు 3న అందినట్టు కార్డు వచ్చింది. ముప్పై రోజులు దాటాయి, జవాబు లేదు. ఫోను చేస్తే ‘పండుగ పనులు, చూస్తాం’ అన్నారు.

నల్లకోటు | 2025 అక్టోబరు 6

ఇక ఫోను చేయకండి. గడువులోగా జవాబు రాకపోతే చట్టం దాన్ని నిరాకరణగానే చూస్తుంది. సెక్షన్ 19(1) కింద 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయాలి. అప్పీలు వినే అధికారి ఎవరో కార్యాలయం బోర్డు మీద రాసి ఉండాలి, సాధారణంగా పురపాలక కమిషనరే అవుతారు. అప్పీలు ఒక పేజీ దాటనవసరం లేదు: ఫలానా తేదీన అందింది, గడువు ముగిసింది, సమాచారం రాలేదు. ఇంకొక వాక్యం: గడువు దాటింది కాబట్టి సెక్షన్ 7(6) ప్రకారం నకళ్లు ఉచితంగా ఇవ్వాలి. పేజీకి రెండు రూపాయల కోసం కాదు, గడువు తప్పారన్న విషయం వాళ్ల కాగితాల్లోకి ఎక్కడం కోసం.

అక్కడా తేలకపోతే 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. కారణం లేకుండా జాప్యం చేస్తే రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 వరకు జరిమానా సమాచారం ఇవ్వవలసిన అధికారి స్వయంగా కట్టవలసి ఉంటుంది. అయితే కమిషన్ దగ్గర చాలాకాలం పడుతుంది, అందుకే మొదటి అప్పీలును తేలికగా తీసుకోకండి.

వేపచెట్టు | 2025 నవంబరు 12

ఈ రోజు జరిగింది జరిగినట్టు రాస్తాను. చేతులు ఇంకా వణుకుతున్నాయి.

అప్పీలు విచారణకు కిందటి వారం పిలిచారు. కమిషనర్ పది నిమిషాలు విన్నారు. కింది అధికారిని ‘దస్త్రం లేదని రాతపూర్వకంగా ఇవ్వగలరా?’ అని అడిగారు. ఆయన మాట్లాడలేదు. వారంలో చూపించాలని ఆదేశించారు. అలా ఈ ఉదయం పదకొండింటికి అమ్మ, నేను వెళ్లాం.

దస్త్రం ఉంది. ఎర్ర గుడ్డలో కట్టిన వార్డు కట్టలో, దుమ్ము తప్ప ఏ లోపమూ లేకుండా ఉంది. ముడి విప్పిన ఉద్యోగి పాతికేళ్ల అమ్మాయి, అమ్మకు కుర్చీ వేసి కూర్చోబెట్టింది.

మూడో కాగితం కొలతల పత్రం. పైన నాన్న పేరు, తలుపు నంబరు. మధ్యలో పెన్నుతో గీసిన ఇంటి బొమ్మ. మెట్ల కింద స్నానాలగది కూడా సరిగ్గా ఉంది. అడుగున నీలి సిరాతో 32 × 21. రాసిన మనిషి ఒకటి అంకెకు పైన ముక్కులా ఒక గీత లాగే అలవాటు ఉన్నవారు. ఆ ముక్కు కాస్త పొడుగైంది. పక్కనే నల్ల సిరాతో, వేరే చేతిరాతతో 864 అని ఉంది.

32ను 21తో గుణిస్తే 672. 27తో గుణిస్తే 864.

ఒకటిని ఏడుగా చదివారు. అంతే. ఇంట్లో లేని 192 చదరపు అడుగులకు అమ్మ ఇన్నాళ్లూ పన్ను కట్టింది. అమ్మ ఆ కాగితం మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది. ‘మీ నాన్న కొలిపించినప్పుడు టేపు నేనే పట్టుకున్నాను, ఇరవై ఒకటే’ అంది.

నకళ్లు స్టాంపు వేసి ఇచ్చారు, రుసుము అడగలేదు. ప్రత్యేక నోటీసు అందినట్టు సంతకం ఉండవలసిన చోట ఖాళీగా ఉంది.

పాతచిట్టా | 2025 నవంబరు 12

అమ్మా, చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. వేలాది పత్రాలు వారాల్లో ఎక్కించమని పై నుంచి ఒత్తిడి వచ్చినప్పుడు ఇలాంటివి జరుగుతాయి. కొలిచినవారు ఒకరు, గుణించేవారు ఇంకొకరు, ఎక్కించేవారు మరొకరు. ఎవరూ ఇల్లు మళ్లీ చూడరు. అందుకే చివరగా ఆ ఇంట్లో ఉండేవారికి లెక్క చూపించాలని నిబంధన పెట్టారు. ఆ ప్రత్యేక నోటీసు చేతికి అందివుంటే మీ అమ్మగారు అప్పుడే పట్టుకునేవారు. ఆ ఖాళీ సంతకం గడి ఉన్న పేజీ జాగ్రత్త. అభ్యంతరానికి గడువు దాటిందని ఎవరైనా అంటే మీ జవాబు అదే.

వెంటనే కమిషనర్‌కు రివిజన్ పిటిషన్, అంటే పన్ను లెక్క మళ్లీ చూడమనే అర్జీ, ఇవ్వండి. మూడు విషయాలు కోరండి: మళ్లీ కొలవాలి, విస్తీర్ణం సరిచేసి లెక్క మార్చాలి, ఎక్కువ కట్టిన మొత్తాన్ని రాబోయే డిమాండులో సర్దుబాటు చేయాలి. రశీదు లేకుండా పిటిషన్ ఇచ్చి రాకండి.

గోదారిగట్టు | 2025 నవంబరు 16

మొదట్లో నేను అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఇది చదివాక మా ఇంటి కాగితాలు తీశాను. ముందు గదిలో మా అన్నయ్య కిరాణా దుకాణం మూసి ఎనిమిదేళ్లయింది. దస్త్రంలో ఆ గది ఇంకా వాణిజ్య విభాగంలోనే ఉంది. నేనూ దరఖాస్తు రాస్తున్నాను.

వేపచెట్టు | 2025 నవంబరు 27

ఒక అడ్డంకి. వీధిలోని మిగతా ఇళ్ల వివరాలు అడిగాను కదా, దానికి ఈ రోజు విడిగా జవాబు వచ్చింది. వ్యక్తిగత సమాచారం కాబట్టి సెక్షన్ 8(1)(జె) కింద ఇవ్వలేమన్నారు. ఇది సరైనదేనా?

నల్లకోటు | 2025 నవంబరు 28

ఈ సెక్షన్ ఈ నెలలోనే మారింది. ఇంతకుముందు ప్రజా కార్యకలాపంతో సంబంధం లేని, లేదా వ్యక్తి గోప్యతకు అనవసరంగా భంగం కలిగించే వ్యక్తిగత సమాచారాన్ని మాత్రమే నిరాకరించగలిగేవారు. విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే అదీ ఇవ్వాలని ఆ క్లాజులోనే ఉండేది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలోని సెక్షన్ 44(3) ఈ నవంబరు 14న అమల్లోకి వచ్చి ఆ షరతులన్నీ తీసేసింది. ఇప్పుడు ‘వ్యక్తిగత సమాచారం’ అన్న ఒక్క మాట మిగిలింది. పన్నుల్లో సమానత్వం ఉందో లేదో చూడాలనుకునే సామాన్యుడికి ఇది పెద్ద దెబ్బ. నాకు దీని మీద చాలా కోపం ఉంది. ఒక వీధిలో ఇద్దరిని పోల్చకుండా అన్యాయం ఎలా బయటపడుతుంది? మీ విషయంలోనే పిన్నిగారి రశీదు పక్కన లేకపోతే ఇది తెలిసేదా?

అయినా తలుపులన్నీ మూసుకోలేదు. హానికంటే ప్రజాప్రయోజనం ఎక్కువైతే ఇవ్వవచ్చని చెప్పే సెక్షన్ 8(2) అలాగే ఉంది. సెక్షన్ 10 ప్రకారం పేర్లు, తలుపు నంబర్లు తీసేసి మిగతాది ఇవ్వమని అడగవచ్చు. మీకు కావలసింది ఎవరు ఎంత కట్టారన్నది కాదు, మీ వీధికి ఏ స్థలం విలువ, ఏ కట్టడం విలువ, ఏ శాతం వాడారన్నది. అది ఎవరి వ్యక్తిగత సమాచారమూ కాదు, అలా మార్చి అడగండి. బాబాయిగారి పత్రం కావాలంటే దరఖాస్తు ఆయనే పెట్టుకుంటే సరిపోతుంది.

వేపచెట్టు | 2025 డిసెంబరు 9

బాబాయి పెట్టారు. ఈసారి రెండు వారాలు కాకముందే నకలు ఇచ్చారు. అదే తేదీ, అదే నీలి సిరా, అదే ముక్కు ఉన్న ఒకటి. పక్కన 672. రెండు నకళ్లూ కలిపి రివిజన్ పిటిషన్‌కు జతచేశాను.

వేపచెట్టు | 2025 డిసెంబరు 22

ఈ ఉదయం వార్డు కార్యదర్శి, రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ ఇద్దరూ టేపుతో వచ్చారు. ఇన్‌స్పెక్టర్ ఒక కొస గేటు వైపు గోడకు ఆనించి, రెండో కొస పట్టుకోవడానికి నన్ను పిలిచారు. అమ్మ నన్ను ఆపి తనే వెళ్లి ఉమ్మడి గోడ దగ్గర పట్టుకుని నిలబడింది. ఆయన అంకె గట్టిగా చదివారు. అమ్మ మళ్లీ చదవమంది. మళ్లీ చదివి, అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాసి చూపించారు: 21, ఇరవై ఒకటి.

అమ్మ సంతకం పెట్టింది. ఉత్తర్వు రావడానికి రెండు వారాలు పడుతుందన్నారు. వచ్చాక ఇక్కడ రాస్తాను.

చెరువుకొమ్ము | 2025 డిసెంబరు 22

వేపచెట్టు గారూ, మీరు పెట్టిన దరఖాస్తులో పేర్లు, నంబర్లు తీసేసి ఇక్కడ ఉంచగలరా? మా పంచాయతీలో ఆరుగురం కలిసి ఇవ్వాలనుకుంటున్నాం.

వేపచెట్టు | 2025 డిసెంబరు 22

ఈ రాత్రికే టైపు చేసి పెడతాను.